అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కేకొద్దీ చెత్త మెయిల్స్ పెరుగుతున్నాయి. ఈ ఐడీ వదిలేయమంటారా?

తెనాలి నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆనవాళ్లు తీసేసి, కుదించి ఇస్తున్నాం.

ఆమెకు 63 ఏళ్లు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేసి నిరుడు రిటైరయ్యారు. 2009లో కొడుకు చేసిచ్చిన జీమెయిల్ ఐడీ ఒక్కటే ఇన్నేళ్లూ వాడుతున్నారు. పెన్షన్, ప్యాన్, రెండు బ్యాంకులు, బీమా అన్నిటికీ అదే. కూతురికి సంబంధాలు చూసినప్పుడు మ్యాట్రిమొనీ సైట్లకు ఇచ్చిందీ, ఆన్‌లైన్ ట్యూషన్లు చెబుదామని జాబ్ సైట్‌లో రెజ్యూమె పెట్టిందీ, బట్టల షాపు బిల్లు కౌంటర్లో అడిగితే చెప్పిందీ ఆ ఐడీయే. ఇప్పుడు రోజుకు వంద దాకా చెత్త మెయిల్స్ వస్తున్నాయి. స్టోరేజ్ నిండిందని ఎర్రగా హెచ్చరిక కూడా. ఈ గుంపులో బీమా ప్రీమియం నోటీసు కనపడక పాలసీ లాప్స్ అయింది, దాంతో ఇంట్లో మాటలు పడాల్సి వచ్చింది. స్పామ్ ఫోల్డర్ తెరిచి కనపడిన ప్రతి మెయిల్‌లోనూ అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కుకుంటూ పోతే తగ్గకపోగా పెరిగాయి. ఆమె ఐడీ నుంచే ఆమెకు ఒక బెదిరింపు మెయిల్ వచ్చింది: "నీ కంప్యూటర్ హ్యాక్ చేశాను, బిట్‌కాయిన్ పంపు" అని. అదే పేరున్న వేరొకరి ఆర్డర్ల వివరాలు ఈమెకు వస్తున్నాయి. టెలికాం ఫిర్యాదుల నంబరు 1909కి చేసిన ఫిర్యాదు ఎటూ కదల్లేదు. "ఆ ఐడీ వదిలేసి కొత్తది తీసుకో" అని కొడుకు. "డబ్బు కట్టే యాప్ ఒకటుంది, రెండు నిమిషాల్లో ఊడ్చేస్తుంది" అని తోటికోడలి కొడుకు. "ఎవరి మాట వినను? అన్నట్టు, పోయిన నెల ఒక రాత్రి రెండు గంటల్లో నాలుగొందల పైన మెయిల్స్ వచ్చాయి, సగం ఏ భాషో కూడా తెలియదు. పొద్దున లేచి అన్నీ డిలీట్ చేశాను" అని ముగించారు.

సమాధానం

మీరు "అన్నట్టు" అని దాటేసిన ఆ చివరి సంగతితోనే మొదలుపెడతాను. మీ ఉత్తరంలో వెంటనే చూసుకోవాల్సింది అదొక్కటే, మిగతావి నిదానంగా చేసుకోవచ్చు.

ఒక్క రాత్రిలో వందలకొద్దీ "మా న్యూస్‌లెటర్‌లో చేరినందుకు ధన్యవాదాలు", "మీ సబ్‌స్క్రిప్షన్ ఖాయం చేయండి" లాంటివి ఊడిపడితే అది మామూలు చెత్త కాదు. దీన్ని మెయిల్ బాంబింగ్ అంటారు. ఎవరో ఒక ప్రోగ్రామ్ నడిపి, మీ ఐడీని ప్రపంచంలో ఎక్కడెక్కడి వెబ్‌సైట్ల న్యూస్‌లెటర్ ఫారాల్లోనో ఒకేసారి నింపేస్తారు. ఆ వెబ్‌సైట్లు అసలువే, ఆ మెయిల్స్ కూడా అసలువే. అందుకే స్పామ్ ఫిల్టర్ వాటిని పట్టుకోదు. ఇంత శ్రమ ఎందుకంటే, చాలాసార్లు ఒకే ఒక్క మెయిల్ మీ కంట పడకుండా చేయడానికి. మీ కార్డుతో ఏదో కొన్నట్టో, పాస్‌వర్డ్ మారినట్టో, బ్యాంకులో కొత్త బెనిఫిషియరీ చేరినట్టో వచ్చే మెయిల్ ఆ వరదలో కొట్టుకుపోవాలి, మీరు విసుగుపుట్టి అన్నీ కలిపి డిలీట్ చేయాలి. మీరు చేసింది సరిగ్గా అదే, పాపం.

డిలీట్ చేసినవి ట్రాష్‌లో 30 రోజులుంటాయి. గడువు దాటకపోతే ఈ రోజే ట్రాష్ తెరిచి ఆ రాత్రి తేదీ దగ్గరికి వెళ్లండి. పేమెంట్, ఆర్డర్, పాస్‌వర్డ్, సైన్ ఇన్, బెనిఫిషియరీ అనే మాటలున్న మెయిల్ ఏదైనా ఉందా చూడండి. ట్రాష్ ఖాళీ అయిపోయి ఉంటే రెండు బ్యాంకుల స్టేట్‌మెంట్లలో ఆ రోజు, ఆ తర్వాతి నాలుగు రోజులు వరసవారీగా చదవండి, చిన్న మొత్తాలు కూడా వదలొద్దు. తర్వాత కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, కుడివైపు పైన పళ్లచక్రం గుర్తు నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అక్కడ ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్ అనే పేజీలో మీరు పెట్టని ఫిల్టర్ (ఫలానా మెయిల్ వస్తే ఏం చేయాలో జీమెయిల్‌కు ముందే చెప్పిపెట్టే ఏర్పాటు) కనపడితే, ముఖ్యంగా బ్యాంకు మెయిల్స్‌ని నేరుగా డిలీట్ చేసేది ఉంటే, మీ ఖాతాలోకి ఎవరో వచ్చి వెళ్లారన్నమాట. ఫార్వర్డింగ్ పేజీలో ముక్కూమొహం తెలియని అడ్రస్ ఉన్నా అంతే. ఇన్‌బాక్స్ పేజీ అడుగున కుడివైపు చిన్న అక్షరాల్లో డీటెయిల్స్ అని ఉంటుంది. అది నొక్కితే ఈ మధ్య ఎక్కడెక్కడి నుంచి, ఏ పరికరంతో లాగిన్ అయ్యారో చూపిస్తుంది. తేడా కనిపిస్తే పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, ఆ ఫిల్టర్ తీసేయండి. డబ్బు పోయి ఉంటే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే ఫోన్ చేయాలి. ఏమీ తేడా లేకపోతే మంచిదే. ఒక్కోసారి ఊరికే ఏడిపించడానికి కూడా ఇలా చేస్తారు.

బెదిరింపు మెయిల్ గురించి ఇంత కంగారు అక్కర్లేదు. మెయిల్‌లో ఫ్రమ్ అనే గడి కవరు మీద రాసే పంపినవారి అడ్రస్ లాంటిది. ఎవరి అడ్రస్ అయినా ఎవరైనా రాయొచ్చు, పోస్టుమాన్ అడగడు. మీ ఐడీ నుంచి వచ్చినట్టు కనిపించినంత మాత్రాన మీ ఖాతా వాళ్ల చేతిలో ఉన్నట్టు కాదు. రుజువు కావాలంటే ఆ మెయిల్ తెరిచి, రిప్లై బాణం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, షో ఒరిజినల్ అనేది ఎంచుకోండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు వరసలు వస్తాయి. ఫ్రమ్ గడిలోని అడ్రస్ నిజమో కాదో చూసే పరీక్షలవి. డీమార్క్ పక్కన ఫెయిల్ అని ఉంటే అది మీ ఖాతా నుంచి బయల్దేరింది కాదు. ఒకవేళ ఆ మెయిల్‌లో మీరెప్పుడో నిజంగా వాడిన పాస్‌వర్డ్ రాసి ఉంటే, అది ఏదో పాత వెబ్‌సైట్ నుంచి దొంగల చేతికి చిక్కిందనే అర్థం. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడ వాడుతుంటే అక్కడ మార్చండి. జవాబివ్వొద్దు, పైసా పంపొద్దు, రిపోర్ట్ ఫిషింగ్ నొక్కి వదిలేయండి.

ఇక మీ అసలు ప్రశ్న. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే పెరగడమేమిటి? మీరు తప్పు మీట నొక్కలేదు, తప్పు మెయిల్స్ మీద నొక్కారు. మనం చెత్త అని ఒకే గంపలో వేసేవి నిజానికి వేర్వేరు జాతులవి. మీరు ఏదో ఒకప్పుడు ఐడీ ఇచ్చిన షాపులు, సైట్లు పంపేవి ఒక రకం. వీళ్లకు చట్టం భయం, పేరు భయం ఉంటాయి. వద్దంటే ఆపుతారు. స్పామ్ ఫోల్డర్‌లో పడేవి చాలావరకు ఇంకో రకం, ఎక్కడో కొన్న జాబితాలోంచి గుడ్డిగా కోట్లమందికి పంపేవి. వాళ్లకు మీ ఐడీ పనిచేస్తోందో లేదో తెలియదు. అందులోని లింకు నొక్కడమంటే "ఇక్కడ మనిషి ఉంది, మెయిల్స్ చదువుతుంది" అని మీరే చెప్పడం. అలా ఖాయమైన ఐడీకి వాళ్ల బజారులో ధర పెరుగుతుంది. కాబట్టి స్పామ్ ఫోల్డర్‌లో ఉన్న దేనిమీదా అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కొద్దు. తెరవకుండా అలా వదిలేస్తే 30 రోజుల్లో జీమెయిలే పారేస్తుంది.

ఇన్‌బాక్స్‌లోకీ, ప్రమోషన్స్ ట్యాబ్‌లోకీ వచ్చే, మీకు పేరు తెలిసిన కంపెనీల మెయిల్స్‌కు మాత్రం అన్‌సబ్‌స్క్రైబే మందు. అయితే రెండు చోట్ల ఆ మాట కనిపిస్తుంది. మెయిల్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన లింకు. పైన, పంపినవారి పేరు పక్కన కనిపించేది జీమెయిల్ పెట్టిన మీట. ముందు పైదే వాడండి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి మెయిల్స్ పంపే సంస్థలు తమ ప్రచార మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో ఆపేసే ఏర్పాటు పెట్టాలని, వద్దన్నవారికి రెండు రోజుల్లో ఆపాలని గూగుల్ 2024లో నిబంధన తెచ్చింది. యాహూ కూడా అలాంటిదే పెట్టింది. ఆ మీట ఇప్పుడు చాలా కంపెనీల దగ్గర పనిచేయడానికి ఈ నిబంధన ఒక కారణం.

ఒక్కొక్కటే తెరిచి కూర్చోనక్కర్లేదు. 2025 జులై నుంచి జీమెయిల్‌లో మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ అనే పేజీ ఉంది. ఎడమవైపు పట్టీలో ఉంటుంది, కనపడకపోతే మోర్ నొక్కండి. ఫోన్‌లో అయితే మూడు గీతల గుర్తు నొక్కాలి. ఈ మధ్య మీకు ఎవరు ఎక్కువ పంపారో వారిని పైన పెట్టి, ఒక్కొక్కరి పక్కన ఆపే మీట పెట్టి చూపిస్తుంది. రోజుకు పది చొప్పున పైనుంచి తీసుకుంటూ రండి. సాధారణంగా పైనున్న పాతికమందే సగానికి పైగా రొద చేస్తుంటారు.

కొందరు ఈ మీట నొక్కితే తమ వెబ్‌సైట్‌కు పంపిస్తారు. అక్కడ జాగ్రత్తగా చదవాలి. "అన్నిటి నుంచి తీసేయండి" అనేది మూలన సన్నగా ఉంటుంది, "నన్ను ఉండనివ్వండి" అనేది పెద్ద రంగు మీటగా ఉంటుంది. ఆఫర్లు, వార్తలు, పుట్టినరోజు కానుకలు అంటూ ముందే టిక్కులు పెట్టిన గడులుంటే అన్నీ తీసి సేవ్ నొక్కాలి. పాస్‌వర్డ్ అడిగితే ఆ పేజీ మూసేసి, ఆ కంపెనీ యాప్‌లో నోటిఫికేషన్స్ సెట్టింగులలోకి మీరే వెళ్లి ఆపండి. ఆపాక ఒకటి రెండు రోజులు వస్తూనే ఉండొచ్చు. అమెరికా చట్టం అయితే పది పనిదినాల గడువిస్తుంది. రెండు వారాలు దాటినా వస్తుంటే అప్పుడు మొహమాటం లేకుండా రిపోర్ట్ స్పామ్ కొట్టండి.

బ్లాక్ మీద ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. బ్లాక్ చేస్తే ఆ ఒక్క అడ్రస్ నుంచి వచ్చేవి స్పామ్‌లోకి పోతాయి, అంతే. మోసగాళ్లు రోజుకో అడ్రస్ మారుస్తారు. పేరున్న కంపెనీ మాట వినకపోతే మాత్రం అది పనికొస్తుంది.

మ్యాట్రిమొనీ, ఉద్యోగాల సైట్ల దగ్గర ఇదేదీ పూర్తిగా పనిచేయదు, ఎందుకంటే జబ్బు వేరేచోట ఉంది. మీ అమ్మాయి పెళ్లయినా ప్రొఫైల్ బతికే ఉంది. అది ఉన్నంతకాలం "మీకు నచ్చే సంబంధాలు" వస్తూనే ఉంటాయి. లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ డిలీట్ చేయండి. కారణం అడుగుతారు, పెళ్లి కుదిరింది అని పెట్టండి. దాచిపెట్టడం వేరు, డిలీట్ చేయడం వేరు. దాస్తే మెయిల్స్ ఆగకపోవచ్చు. జాబ్ సైట్ సంగతి ఇంకా చిత్రం. రెజ్యూమెలు వెతుక్కునే సౌకర్యాన్ని ఆ సైట్లు కన్సల్టెన్సీలకు అమ్ముతాయి. మీ రెజ్యూమె చూసిన ప్రతి కన్సల్టెన్సీ తన సొంత ఐడీ నుంచి మెయిల్ కొడుతుంది. ఒకరిని ఆపితే పదిమంది వస్తారు. కాబట్టి మూలంలోనే రెజ్యూమె తీసేయాలి, లేదంటే ప్రొఫైల్ ఎవరికీ కనపడకుండా చేయాలి. ఇప్పటికే దించుకున్నవాళ్లు కొన్ని నెలలు పంపుతారు, అవి స్పామ్ కొట్టుకుంటూ పోవడమే.

బ్యాంకులు, బీమా సంస్థల మెయిల్స్ మీద మాత్రం చెయ్యి తొందరపడకూడదు. లోన్ ఆఫర్ విసిగిస్తోందని దాన్ని స్పామ్ కొడితే, అదే సంస్థ పంపే స్టేట్‌మెంటూ నోటీసూ కూడా స్పామ్‌లోకి జారే ప్రమాదం ఉంది. చాలా సంస్థలు ఆఫర్లు ఒక అడ్రస్ నుంచి, నోటీసులు ఇంకో అడ్రస్ నుంచి పంపుతాయి. పేరు పక్కన పూర్తి అడ్రస్ చూసి, ఆఫర్లవాటికి మాత్రమే అన్‌సబ్‌స్క్రైబ్ వాడండి. నోటీసు వచ్చే అడ్రస్‌కు ఒక ఫిల్టర్ పెట్టండి. ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీజ్ ఎంచుకుని, క్రియేట్ ఫిల్టర్ నొక్కితే గడుల వరస వస్తుంది. నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్, స్టార్ ఇట్, కేటగిరీలో ప్రైమరీ ఈ మూడూ టిక్ పెడితే ఆ నోటీసు ఇక గుంపులో కలవదు. పెన్షన్‌కూ, రెండు బ్యాంకులకూ, బీమాకూ కలిపి అరగంట పని.

పాలసీ గురించి కూడా ఒక మాట. లాప్స్ అయినంత మాత్రాన చేజారినట్టు కాదు. మార్కెట్‌తో ముడిపడని పాలసీల్లో చాలావాటికి, కట్టని మొదటి ప్రీమియం తేదీ నుంచి ఐదేళ్ల లోపు పునరుద్ధరించుకునే వీలుంటుంది. బకాయి, దానిమీద వడ్డీ, ఆరోగ్య ప్రకటన అడుగుతారు. మీ బ్రాంచికి వెళ్లి లెక్క వేయించుకోండి. అక్కడే మొబైల్ నంబర్ సరిచూసుకుని, బ్యాంకు ఖాతా నుంచి ప్రీమియం దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు రాయించండి. గడువు గుర్తుచేసే బాధ్యత ఒక్క మెయిల్ మీద వదిలేయడం ఇన్‌బాక్స్ శుభ్రంగా ఉన్నా మంచిది కాదు.

ఎర్ర హెచ్చరిక సంగతికి వద్దాం. స్టోరేజ్ పూర్తిగా నిండితే జీమెయిల్ కొత్త మెయిల్స్ తీసుకోదు, పంపినవారికి తిప్పికొడుతుంది. మీ ప్రీమియం నోటీసు చెత్తలో కలిసిందో, అసలు గుమ్మం దాకా వచ్చి వెనక్కిపోయిందో చెప్పలేం. అందుకే చోటు ఖాళీ చేయడం ముందు జరగాలి. ఇక్కడ అందరూ పొరబడేది ఒకటుంది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కొక్కదానికే కాదు, గూగుల్ ఫొటోలూ డ్రైవూ కూడా అందులోవే. ఫొటోలు 2021 జూన్ 1 నుంచి లెక్కలోకి వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి లెక్కలోకి వచ్చింది. ఒక ప్రకటన మెయిల్ బరువు 75 కేబీ అనుకుంటే, నలభై వేల మెయిల్స్ పారేసినా మిగిలేది 3 జీబీ. ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన పెళ్లి వీడియోలు అంతకన్నా ఎక్కువ మింగి ఉండొచ్చు. జీమెయిల్ పేజీ అడుగున ఎన్ని జీబీలు వాడారో చూపే వరస నొక్కితే ఎవరి వాటా ఎంతో విడివిడిగా వస్తుంది. వాట్సాప్‌దే పెద్ద వాటా అయితే, వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్‌కు వెళ్లి వీడియోలు చేర్చే టిక్ తీసేయండి. మెసేజ్‌లూ ఫొటోలూ బ్యాకప్‌లో ఉంటాయి, వీడియోలు మాత్రం ఫోన్ పోతే పోయినట్టే. అది ఒప్పుకోగలిగితేనే తీయండి.

మెయిల్స్ ఊడ్చే పని ఫోన్‌లో పెట్టుకోవద్దు, కంప్యూటర్‌లోనే చేయండి. సెర్చ్ పెట్టె కుడి చివర గీతల మీద చుక్కలున్న గుర్తు నొక్కితే ఫారం తెరుచుకుంటుంది. ఫ్రమ్ గడిలో బాగా విసిగించే ఒక కంపెనీ అడ్రస్ వేసి సెర్చ్ కొట్టండి. పై టిక్ గడి నొక్కితే ఆ పేజీలోని 50 మాత్రమే ఎంపికవుతాయి. చాలామంది ఇక్కడే ఆగి, యాభై యాభై చొప్పున చేసి విసిగిపోతారు. టిక్ పెట్టగానే పైన ఒక వరస కొత్తగా వస్తుంది: ఈ సెర్చ్‌కు సరిపోయే అన్నిటినీ ఎంచుకోమంటారా అని. అది నొక్కితే వేలున్నా ఒక్కసారే. తర్వాత డిలీట్ గుర్తు. అలా పది పన్నెండు కంపెనీలు చేస్తే చాలా తేలికవుతుంది. ప్రమోషన్స్ ట్యాబ్ మొత్తం ఒక్కసారే తీసేయాలనిపిస్తుంది, ఆగండి. బీమా నోటీసులూ టికెట్లూ బిల్లులూ కూడా ఒక్కోసారి అందులోకి చేరతాయి. ముందు పాలసీ, ప్రీమియం, ఇన్వాయిస్, టికెట్ అనే మాటలతో విడివిడిగా వెతికి, కావలసినవి కనిపిస్తే ఒక లేబుల్ పెట్టి ప్రైమరీలోకి జరిపి, ఆ తర్వాత మిగతావి తీయండి. పెద్ద అటాచ్‌మెంట్లకు అదే ఫారంలో సైజ్ గడి ఉంది. 10 ఎంబీ పైన అని పెట్టి చూడండి, కానీ అక్కడ గుత్తగా డిలీట్ చేయొద్దు. స్కాన్ చేసి పెట్టుకున్న దస్తావేజులూ, పిల్లలు పంపిన ఫొటోలూ ఉండేవి అక్కడే. చివరికి ట్రాష్‌లోకి వెళ్లి ఎంప్టీ ట్రాష్ నౌ నొక్కాలి, లేకపోతే నెల రోజుల దాకా చోటు తిరిగి రాదు. అయితే మొదట చెప్పిన ఆ రాత్రి మెయిల్స్ వెతకడం పూర్తయ్యేదాకా ట్రాష్ జోలికి వెళ్లకండి.

ఇప్పుడు మీ ముందున్న రెండు సలహాలు. యాప్ విషయంలో నా మొగ్గు వద్దనే. అలాంటి యాప్ "మీ మెయిల్స్ అన్నీ చదవడానికి, పంపడానికి, శాశ్వతంగా తీసేయడానికి" అనుమతి అడుగుతుంది. మీ ఇన్‌బాక్స్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్యాన్ కాపీ, ఓటీపీలు ఉన్నాయి. అన్‌సబ్‌స్క్రైబ్ చేసిపెట్టే అన్‌రోల్.మీ అనే అమెరికా సేవ, వాడకందార్ల మెయిల్స్‌లోని రసీదుల సమాచారాన్ని పేర్లు తీసేసి అమ్ముకుంటోందని 2017లో బయటపడింది. 2019లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దానిమీద చర్య తీసుకుంది. అన్ని యాప్‌లూ అలాంటివే అనను. కానీ మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ పేజీ ఉచితంగా చేసే పనికి డబ్బూ తాళమూ రెండూ ఇవ్వడం ఎందుకు? ఇప్పటికే ఇచ్చేసి ఉంటే గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో థర్డ్ పార్టీ యాప్స్ అనే చోటుకు వెళ్లి అనుమతి తీసేయండి. ఫోన్‌లోంచి యాప్ తొలగించినంత మాత్రాన అనుమతి పోదు.

మీ అబ్బాయి సలహాలో న్యాయం ఉంది, కానీ వదిలేయడం అతను అనుకున్నంత సులువు కాదు. ఆదాయపన్ను పోర్టల్, బ్యాంకులు, పెన్షన్, బీమా, ఇంకా మీకు గుర్తులేనివెన్నో పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ ఐడీకే లింకు పంపుతాయి. ప్రతిచోటా మార్చాలి, ప్రతిదానికీ ఓటీపీ. పైగా రెండేళ్లు ముట్టుకోని ఖాతాలను గూగుల్ తీసేయవచ్చు. ఆ ఐడీని ఇంకొకరికి ఇవ్వదు కానీ, దానికి ముడిపడి మిగిలిపోయిన ఖాతాల్లోకి వెళ్లడం మీకూ కష్టమవుతుంది.

మధ్యేమార్గం ఒకటుంది. పాత ఐడీని డబ్బుకూ ప్రభుత్వ వ్యవహారాలకూ ఉంచేసి, షాపులకూ యాప్‌లకూ ఇవ్వడానికి రెండోది తెరవండి. ఫోన్‌లో జీమెయిల్ యాప్ రెంటినీ పక్కపక్కనే చూపిస్తుంది, రెండోదానికి నోటిఫికేషన్స్ ఆపేస్తే సరి. మార్చాల్సింది షాపుల దగ్గరే కాబట్టి మరిచిపోయినా నష్టం లేదు. లోపమల్లా ఒకటే, పాత ఐడీకి ఇప్పటికే మరిగిన మోసగాళ్లు అక్కడికే వస్తుంటారు. తిరగేసి కూడా చేయొచ్చు. కొత్త ఐడీని బ్యాంకులకు పెట్టి, పాతదాన్ని చెత్తకు వదిలేయడం. శ్రమ ఎక్కువ, ఫలితం కూడా ఎక్కువ. ఏది మేలో తేల్చుకోవడానికి హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే వెబ్‌సైట్ చూడండి. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా భద్రతా నిపుణుడు 2013లో మొదలుపెట్టాడు. మెయిల్ ఐడీ వేస్తే అది ఏయే డేటా లీకుల్లో పడిందో చెబుతుంది. మీ ఐడీ ఒకటి రెండిట్లో ఉంటే మధ్యేమార్గం చాలు. పది పన్నెండిట్లో ఉండి, బ్యాంకు పేరుతో దొంగ మెయిల్స్ వారానికి నాలుగైదు వస్తుంటే మీ అబ్బాయి మాటే వినండి. ఏడాది పాటు రెండూ తెరిచి ఉంచి, పాతదానికి ఏది వస్తే దాన్ని మార్చుకుంటూ పోవచ్చు.

బిల్లు కౌంటర్లో అడిగితే "మెయిల్ లేదండీ, కాగితం బిల్లు ఇవ్వండి" అంటే సరిపోతుంది. బిల్లుకు మొబైల్ నంబర్ కోసం పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే వ్యాపారులకు సూచించింది. నంబరే అక్కర్లేనప్పుడు మెయిల్ ఐడీ ఎందుకు? ఇవ్వక తప్పకపోతే చిన్న కిటుకు: మీ ఐడీలో ఎట్ గుర్తుకు ముందు ప్లస్ గుర్తు పెట్టి ఆ షాపు పేరు చేర్చి ఇవ్వండి. మెయిల్ మీకే వస్తుంది. రేపు ఆ ప్లస్ అడ్రస్‌కు ఎవరో లోన్ ఇస్తామని రాస్తే మీ ఐడీ ఎవరు బయటపెట్టారో తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు.

మీ పేరున్న మరొకరి ఆర్డర్లు మీకెందుకొస్తున్నాయంటే, జీమెయిల్ ఐడీలో చుక్కలను లెక్కలోకి తీసుకోదు. చుక్క ఉన్నా లేకున్నా అది మీ ఐడీయే, ఇంకెవరికీ ఉండదు. ఆవిడ తన ఐడీలో ఏదో అంకె వేయడం మరిచి మీది ఇస్తోంది. ఆ మెయిల్‌లో "ఇది నా ఖాతా కాదు" అనే లింకు ఉంటే అది వాడండి, లేకపోతే ఆ సంస్థ కస్టమర్ కేర్‌కు చెప్పండి. పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఆవిడ ఖాతాలోకి వెళ్లి సరిచేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. మంచి ఉద్దేశంతో చేసినా అది చట్టం ముందు అనధికార ప్రవేశమే.

1909 కదలకపోవడంలో వింత లేదు. ఆ నంబరు వెనకున్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) ఏర్పాటు. అది ఫోన్‌కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే, మెయిల్స్ దాని పరిధిలో లేవు. మన దేశంలో చెత్త మెయిల్స్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే హక్కు ఇస్తుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కానీ కంపెనీలపై అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడినుంచి ఏడాదిన్నర గడువుంది. అప్పటిదాకా మన మీటలే మనకు దిక్కు. బ్యాంకు పేరుతో వచ్చే మెయిల్స్‌లో లింకు నొక్కకుండా బ్రౌజర్‌లో మీరే అడ్రస్ టైప్ చేసి వెళ్లండి. ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31 లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే అడ్రస్‌కు మార్చుకోవాల్సి ఉండింది, అడ్రస్ చివర అది ఉందో లేదో చూసుకుంటే దొంగ సైటు తేలిగ్గా తెలిసిపోతుంది.

సెట్టింగ్స్‌లో జనరల్ పేజీలో ఇమేజెస్ అనే చోట, బొమ్మలు చూపే ముందు అడగమని పెట్టుకోండి. చాలా ప్రకటన మెయిల్స్‌లో కంటికి కనపడని చుక్కంత బొమ్మ ఉంటుంది. మీరు మెయిల్ తెరవగానే అది పంపినవారికి కబురు చేరుస్తుంది. ఈ సెట్టింగ్ పెడితే మెయిల్స్ బోసిగా కనిపిస్తాయి, అలవాటవుతుంది.

స్పామ్ ఫోల్డర్‌ని వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, పేర్లు మాత్రం పైనుంచి కిందికి చూడండి. పెన్షన్ ఆఫీసో, అమెరికాలో మనవడి స్కూలో పొరపాటున అందులో పడితే దాన్ని ఎంచి నాట్ స్పామ్ నొక్కండి. మిగతావాటిని డిలీట్ కూడా చేయనక్కర్లేదు.